తుపాకీ మెడకు పసుపు

మా ఆయన ఎముకల డాక్టరు. నలభై ఏళ్ళుగా అమెరికా వాళ్ళ తుంటి ఎముకలు కోసి ఇనుప కీళ్ళు బిగించారు, అవి అరిగిపోతే ఊడబెరికి కొత్తవి పెట్టారు. అలాంటి మనిషికి, ఒక తుపాకీ గొట్టం ఊడదీయడం కోసం తుపాకులు బాగుచేసేవాడి దగ్గరికి వెళ్ళడం నామోషీ. అందుకని మేముండే బాతెల్ ఊళ్ళో, మా ఇంటి గరాజ్‌లోనే, ఒక శనివారం పొద్దున, బయట చినుకులు పడుతుంటే తలుపు సగం ఎత్తిపెట్టి ఆ పని మొదలుపెట్టారు. ఈ సంగతులన్నీ నేను నిర్భయంగా రాయగలను. ఆయన తెలుగు పుస్తకం ముట్టుకుని ముప్ఫై ఏళ్ళు దాటింది.

ఆ తుపాకీ, తోటి డాక్టర్లతో జింకల వేటకు వెళ్ళే రోజుల్లో కొన్నది. గొట్టం లోపల అరిగిపోయి గురి తప్పుతోందని కొత్త గొట్టం తెప్పించారు. పాత గొట్టం మరలు, తూటా కూర్చునే ఇనుప దిమ్మలో బిగుసుకుని ఉంటాయి. ఆ దిమ్మని రిసీవర్ అంటారు. గొట్టాన్ని బల్లకి అమర్చిన వైస్ దవడల మధ్య బిగించి, రిసీవర్‌కి పొడుగు పిడి ఉన్న రెంచి తగిలించి తిప్పితే విడిపోవాలి. గంట పని అన్నారు.

అప్పటికి ఆయనకు డెబ్బై ఒకటి. ఇంకో రెండేళ్ళు ఆపరేషన్లు చేస్తారో, మానుకుంటారో సోమవారంలోగా తెలియజేయమని హాస్పిటల్ నుంచి ఈమెయిల్ వచ్చింది. అందులో మర్యాదకు లోటు లేదు గాని, మానుకుంటే బాగుండునన్న వాళ్ళ ఆశ ప్రతి వాక్యంలోనూ కనిపిస్తోంది. ఆయన దాన్ని నాలుగు రోజులు జేబులో ఫోనులో మోసుకు తిరిగారు.

"ఇది నా చేతుల్తో వచ్చిందంటే సైన్ చేసేస్తా," అన్నారు గ్లవ్స్ తొడుక్కుంటూ. "రాలేదంటే ఇంక కత్తి పట్టుకోను. సింపుల్."

"తుపాకీకీ ఆపరేషన్‌కీ ఏం సంబంధమండీ?"

"నీకు అర్థం కాదులే."

ఇది మా ఇంట్లో రోజూ వినపడే మాట. నేను గుంటూరులో ఫిజిక్సు పాఠం చెప్పినదాన్ని. నలభయ్యో ఏట ఇక్కడ మళ్ళీ చదువుకుంటానని అడిగితే, పదిమంది భోజనాలు చేస్తుండగా, "ఆ చేతులకి పులిహోర కలపడం చాలు, ఇంకేం వద్దు," అన్నారు. అందరూ నవ్వారు. పులిహోర బాగుందని ఒకావిడ మారు వడ్డించుకుంది కూడా. ఆ నవ్వు నేను మరిచిపోలేదు. మరిచిపోయే ప్రయత్నమూ చేయలేదు.

మధ్యాహ్నం దాకా గొట్టం కదల్లేదు. తుప్పు వదిలించే నూనె పోశారు, హీట్ గన్‌తో కాచారు, రెంచి పిడి మీద ఒళ్ళంతా వేసి వేలాడారు. నేను టీ ఇవ్వడానికి వెళ్ళినప్పుడు కింద భాగం చూపించారు. మామూలుగా చెక్క కప్పి ఉండే చోటు అది. గొట్టమూ రిసీవరూ కలిసే సందు చుట్టూ మందంగా తుప్పు పట్టి ఉంది. ఆ తుప్పు మధ్యలో పచ్చటి చార.

"పాత గ్రీజు గట్టిపడిపోయింది," అన్నారు ఆయన.

అది గ్రీజు కాదు. చూడగానే పోల్చుకున్నాను. అది నా పసుపు.

ప్రతి దసరాకీ నేను ఆయుధ పూజ మానను. కార్లు, కుట్టు మిషను, ఆయన బ్యాగు, చివరికి లాప్‌టాప్‌తో సహా అన్నీ వరసగా పెట్టి బొట్టు పెడతాను. ఇంట్లో అసలు సిసలు ఆయుధం అదొక్కటే కాబట్టి తుపాకీకి ఇంకాస్త ఎక్కువ మర్యాద చేసేదాన్ని. దాని మెడ ఎక్కడా అని వెతికితే ఆ సందే మెడలా కనిపించింది. చుట్టూ తడి పసుపు దట్టంగా పట్టించి, కుంకుమ అద్ది, పసుపు నీళ్ళు చల్లేదాన్ని. పండగ వెళ్ళి వారం దాకా తుడవనిచ్చేదాన్ని కాదు. తర్వాత ఆయన పైపైన తుడిచి పెట్టెలో పెట్టేవారు. ఇరవై ఎనిమిది దసరాల తడి ఆ చెక్క కింద సందులోకి దిగి మరల్ని పట్టేసింది.

అంటే ఆయన పోరాడుతున్నది తన ముసలితనంతో కాదు, నా భక్తితో. ఆ ఒక్క మాట చెబితే ఆయన నన్ను నాలుగు తిట్లు తిట్టి, తుపాకీని షాపులో పడేసి, హాస్పిటల్‌కి సంతకం చేసి పంపేవారు. నేను చెప్పలేదు. ఖాళీ కప్పు తీసుకుని లోపలికి వచ్చేశాను.

ఆ సాయంత్రం అన్నం కలుపుకుంటుంటే ఆయన వేళ్ళు సరిగ్గా ముడవడం లేదు. అరచేతులు కందిపోయి బొబ్బలెక్కాయి. "నొప్పిగా ఉందా? స్పూన్ ఇవ్వనా?" అన్నాను, చిన్నపిల్లల్ని అడిగే గొంతుతో. వద్దన్నారు. రెండు ముద్దలు తిన్నాక తనే లేచి స్పూన్ తెచ్చుకున్నారు. నాకు కడుపు నిండినట్టయింది.

రోగుల మేలు కోరి ఊరుకున్నానని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను. డెబ్బై దాటిన మనిషి చేత కాళ్ళు కోయించుకోవడం ఎవరికి మంచిది అని. అది ఒట్టి అబద్ధం. ఆయన చేయి వణకగా నేనెన్నడూ చూడలేదు. ఆ వయసులోనూ ఒక్క ప్రయత్నంలో సూదిలోకి దారం ఎక్కించేవారు.

ఆదివారం పొద్దున మళ్ళీ మొదలు. ఈసారి నన్ను కూడా పిలిచారు. ఆపరేషన్‌కి ముందు చర్మం మీద గీసే ఊదా రంగు పెన్నుతో ఆ సందుకి అడ్డంగా ఒక గీత గీశారు. గీత సగం గొట్టం మీద, సగం రిసీవర్ మీద. రిసీవర్ వెంట్రుకవాసి తిరిగినా గీత రెండుగా విడిపోతుంది. రెంచి మీద వేలాడుతూ ఆయన దాన్ని చూడలేరు, పైగా కళ్ళకి పెట్టుకున్న పెద్ద అద్దాలు ఆవిరి పట్టేశాయి.

"నువ్వు గీత మీదే కన్నేసి ఉంచు. కదిలితే చెప్పు," అన్నారు. "కొంచెం కదిలితే చాలు, ఆ తర్వాత దాని పని నే చూసుకుంటా."

నేను ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాను. ఆయన ఊపిరి బిగబట్టి తోశారు. మెడ నరాలు తేలాయి. వదిలి, ఊపిరి పీల్చి, మళ్ళీ తోశారు. ఆరోసారో ఏడోసారో చిన్నగా టిక్కుమంది. ఊదా గీత విడిపోయింది. బియ్యపు గింజ మందం కూడా లేదు గాని విడిపోయింది. రెండు ముక్కలూ ఎడమొహం పెడమొహంగా నా కళ్ళ ముందున్నాయి.

"కదిలిందా?" అన్నారు, పిడి వదలకుండానే.

"లేదండీ."

"ఏదో సౌండ్ వచ్చింది?"

"వైస్ జారింది."

ఆయన ఇంకోసారి తోశారు. అందులో బలం లేదు. పిడి వదిలి, బోర్లించిన బకెట్ మీద కూలబడి, గ్లవ్స్ తీసి అరచేతులు చూసుకున్నారు. ఒక బొబ్బ చితికి నీరు కారుతోంది. ఆయన చూడకుండా, శుభ్రం చేస్తున్నట్టుగా, నూనె గుడ్డతో ఆ గీత తుడిచేశాను.

సోమవారం పది గంటలకి హాస్పిటల్‌కి జవాబు పంపేశారు. రెండే వాక్యాలు, నాకు చదివి వినిపించారు. ఆ రోజంతా నేను లోలోపల పండగ చేసుకున్నాను. మంగళవారం ఆయన ఎప్పటిలా ఐదింటికే లేచి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎక్కడికీ వెళ్ళేది లేదని గుర్తొచ్చి సోఫాలో కూర్చున్నారు. ఆ చొక్కా చూశాక నా పండగ అయిపోయింది.

తుపాకీని షాపుకి నువ్వే తీసుకెళ్ళు అన్నారు. అక్కడికి రావడం ఆయనకు ఇష్టం లేదు. రెడ్‌మండ్ దారిలో తుపాకులు బాగుచేసే ముసలాయన ఉన్నాడు. నేను అక్కడే కుర్చీలో కూర్చుని చూశాను. ముసలాయనా, పక్క షాపు మనిషీ కలిసి, రెంచి పిడికి బారెడు ఇనుప పైపు తొడిగి గంటన్నర పెనుగులాడాక తుపాకీ గొట్టం ఊడి వచ్చింది. విడిపోయిన మరల మీద తుప్పు, పచ్చటి పొడి.

ముసలాయన చెమట తుడుచుకుంటూ అడిగాడు, దీన్ని ముందే ఎవరు కదిలించారని. మరల్లో కొత్తగా మెరుస్తున్న చోటు చూపించాడు. మా ఆయన అన్నాను. మీ ఆయన వయసెంత అని అడిగాడు, చెప్పాను. ఇంత తుప్పుని మొదట కదిలించడమే అసలు కష్టం, ఆయన ఇంకాస్త పట్టుబట్టి ఉంటే అక్కడే వచ్చేసేది, ఆ చేతులకి నా తరఫున నమస్కారం చెప్పండి అన్నాడు. సరేనన్నాను.

ఇంటికి వచ్చేసరికి ఆయన బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు.

"వచ్చిందా?"

"వచ్చింది."

"ఎంత టైం పట్టింది?"

దారి పొడుగునా నిజం చెప్పేద్దామనే అనుకుంటూ డ్రైవ్ చేశాను. నోరు తెరిచాక మాత్రం అలవాటైన మాటే వచ్చింది.

"ఐదు నిమిషాలు. ముసలాయన ఒక్కడే తీసేశాడు. మీకన్నా పెద్దవాడే."

ఆయన బొబ్బలెక్కిన అరచేతులు బల్ల మీద బోర్లించారు. తర్వాత నా వైపు తిరిగి, "మంచి పని చేశావు," అన్నారు. "ఇంకెవరైనా అయితే నా మొహం చూసి కదిలిందనేవాళ్ళు. సైన్ చేసి ఎవడి కాలో పాడుచేసేవాణ్ణి. నువ్వు ఉన్నదున్నట్టు చెప్పావు."

పెళ్ళయిన నలభై ఆరేళ్ళలో ఆయన నా మాట మీద చేసిన పని అదొక్కటే.