మొదటి రకం పుస్తకం మీద మరక

మొన్న ఆదివారం నరసరావుపేటలో మా అన్నయ్య ఇంటికి వెళ్ళేసరికి, హైదరాబాదు నుంచి వచ్చిన ఒకాయన చేతులకు తెల్లటి గుడ్డ తొడుగులు వేసుకుని బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. పాత కామిక్స్ పుస్తకాలు ఏ స్థితిలో ఉన్నాయో పరీక్షించి మార్కులు వెయ్యడం ఆయన పనట. మా అన్నయ్య, అంటే మా పెద్దమ్మ కొడుకు, చిన్నప్పుడు పోగుచేసిన బొమ్మల కథల పుస్తకాలన్నీ ఆ బల్ల మీద ఉన్నాయి. ఆయన ఒక్కోదాన్నీ వెలుతురుకెత్తి, వెన్ను చిట్లిందా, పిన్నులు తుప్పుపట్టాయా, మూలలు మడతపడ్డాయా అని చూస్తూ, ఒక పుస్తకం దగ్గర ఆగిపోయాడు. లోపలి పేజీలో ఎర్రటి నూనె మరక, వేలి గీతలతో సహా.

"ఇది లేకపోతే పదికి తొమ్మిది ఇచ్చేవాణ్ణండీ. ఇప్పుడు ఐదు దాటదు" అన్నాడాయన.

అన్నయ్య నవ్వుతూ నా వైపు చెయ్యి చూపించాడు. "అదుగో, మా చెల్లెలి ఘనకార్యమే. నకరికల్లు మిరపకాయలు మరి!"

నేనూ నవ్వాను గానీ, డెబ్బైకి దగ్గరపడిన దాన్ని, కొత్త మనిషి ముందు చెవులు వేడెక్కి తల దించుకున్నాను.

మా ఊరు నకరికల్లులో హైస్కూలు చదువు సాగదని మా నాన్న నన్ను నరసరావుపేటలో పెద్దమ్మ ఇంట్లో ఉంచిన రోజులవి. మన వయసు వాళ్ళకు తెలుసు, చుట్టాలింట్లో ఉండి చదువుకునే పిల్ల ఎంత ఒదిగి ఉండాలో. అన్నయ్య తన పుస్తకాలను వడ్ల గదిలో ఇనప్పెట్టెలో వేపాకు వేసి దాచేవాడు. వాటిని అప్పుడే రకాలుగా విడదీసి పెట్టుకున్నాడు. కొత్త వాసన పోనివి మొదటి రకం, కాస్త నలిగినవి రెండో రకం, అట్ట ఊడినవి మూడో రకం. నాకు మూడో రకమే ఇచ్చేవాడు, అదీ చేతులు చూసి. మిరప కోతల కాలంలో సెలవుకి ఊరెళ్ళి తొడిమలు తీసి వచ్చానంటే, ఆ ఎరుపూ ఘాటూ వేళ్ళ సందుల్లో నాలుగైదు రోజులు ఉండేవి మరి.

అలా ఊరి నుంచి వచ్చిన ఒక సాయంత్రమే, అన్నయ్య తన స్నేహితులకు చూపించడానికి మొదటి రకం పుస్తకం ఒకటి తెరిచి, ఆ మరక చూసి ఇల్లెగిరిపోయేలా అరిచాడు. "ఏమే, నా పెట్టె ముట్టుకోవద్దని చెప్పలా? ఏందే ఇది?" నేను ముట్టుకోలేదని చెప్పాను గానీ ఎర్రబడ్డ నా వేళ్ళు చూసి ఎవరూ నమ్మలేదు. వాళ్ళందరూ చూస్తుండగా పెరట్లోకి తీసుకెళ్ళి కుంకుడు రసంతో నా చేతులు కడిగించారు. నీళ్ళు పోసింది పెద్దమ్మే. ఒక్క మాట అనలేదు, తలా ఎత్తలేదు. ఆవిడకు నా మీద కోపం వచ్చిందనుకుని, మా ఊరి పేరు పాడుచేసినట్టు కుంగిపోయి ఆ పూట అన్నం తినలేకపోయాను.

తర్వాత రెండు మూడు రోజులకు, బళ్ళో తలనొప్పి వచ్చి మధ్యాహ్నమే ఇంటికొచ్చాను. వడ్ల గదిలో సన్నగా ఎవరిదో గొంతు. తొంగి చూస్తే పెద్దమ్మ పెట్టె పక్కన నేల మీద కూర్చుని, బొమ్మ కింద వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదువుతోంది. బడి ముఖం చూడని మనిషి. పచ్చడి రోలు దగ్గర్నుంచి లేచొచ్చినట్టుంది, పైట చెంగుకు పండుమిరప ఎరుపు అంటి ఉంది.

నన్ను చూసి ఆవిడ పడిన సిగ్గు నేను ఇప్పటికీ మర్చిపోలేను. దొంగతనం చేస్తూ దొరికిపోయినదానిలా పుస్తకాన్ని వెనక్కి దాచుకుంది.

"మీ అన్నకి చెప్పమాకే తల్లీ. ఈ వయసులో ఇదేం చోద్యమని నవ్వుతారు. ఆ రోజు నిన్ను తిడుతుంటే నోరు పెగల్లేదే నాకు."

అంత పెద్ద మనిషి నన్ను బతిమాలుతుంటే నాకు ఎటు చూడాలో తెలియలేదు. నింద మోసినప్పటి సిగ్గు కంటే ఇది చానా పెద్దదనిపించింది. చెప్పనన్నాను. ఆ వారమే అన్నయ్య పెట్టెకు తాళం కొనుక్కొచ్చి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. నా చేతులకు అందకుండా వేస్తున్నానని వాడి ఉద్దేశం. బియ్యానికి ఆ గదిలోకి వెళ్ళినప్పుడల్లా పెద్దమ్మ ఆ తాళం వైపు చూసి వచ్చేసేది. నా మూడో రకం పుస్తకాలు తెచ్చి ఇవ్వబోతే, "నాకెందుకులేవే ఇంక" అనేది.

చాలా ఏళ్ళ తర్వాత పొలం కాగితాల మీద ఆవిడ ఒప్పుదల కావాల్సి వచ్చి రిజిస్ట్రారాఫీసుకు వెళ్ళాం. గుమాస్తా సంతకమా, వేలిముద్రా అని అడిగాడు. పెద్దమ్మ పక్కనే ఉన్న కొడుకు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి బొటనవేలు చాపింది. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

మొన్న ఆ మార్కులాయన వెళ్ళాక ఈ సంగతంతా అన్నయ్యకు చెప్పేశాను. పెద్దమ్మ లేదు, ఇక ఆవిణ్ణి చూసి నవ్వేవాళ్ళూ లేరు.

"మా అమ్మా? మా అమ్మకు అక్షరమ్ముక్క రాదు గదే!" అన్నాడు. మళ్ళీ ఆ మరక ఉన్న పేజీ తెరిచి చూసేసరికి ముఖం వాడిపోయింది. పుస్తకం మూసి, "తాళం వేసింది నేనే గదే" అన్నాడు. ఆ గొంతులో సిగ్గు విన్నాక, చెప్పి తప్పుచేశానేమో అనిపించింది.

ఈమధ్య మా వీధిలో నా వయసు ఆడవాళ్ళు సాయంత్రాలు అరుగుల మీద కూర్చుని, ఫోన్లలో మనవలు పంపిన కబుర్లు గట్టిగా కూడబలుక్కుని చదువుకుంటారు. తప్పు చదివితే పక్కావిడ దిద్దుతుంది, ఇద్దరూ కలిసి నవ్వుకుంటారు. ఆ నవ్వులో ఎగతాళి ఉండదు. మన చిన్నతనంలో చదువు రాకపోవడం ఒక సిగ్గయితే, పెద్దయ్యాక నేర్చుకోవాలనుకోవడం ఇంకా పెద్ద సిగ్గు. వాళ్ళ గొంతులు వింటుంటే నాకు ముచ్చటేస్తుంది, ఆ వెంటే గుండె బరువెక్కుతుంది. పెద్దమ్మ కూడా ఒక్కసారన్నా అలా గట్టిగా, నలుగురూ వినేలా చదువుకుని ఉంటే ఎంత బాగుండేది.