వ్యాన్‌లో వెలుతురు

మే నెల మధ్యాహ్నం, తాడేపల్లిగూడెం నుంచి గణపవరం వెళ్లే బస్సులో నా పక్కన ఒక గర్భిణి కూర్చుంది. ఆమె ఒళ్లో చేపల పెట్టెల థర్మాకోల్ ముక్కలు, తువ్వాలులో చుట్టిన పలక ఒకటి ఉన్నాయి. థర్మాకోల్ ఎందుకని అడిగాను.

“చెరువు గట్టు మీద కిటికీల్లేని పాత వ్యాన్‌లో ఉంటున్నామండీ. రేకు కాలిపోతోందని లోపల అతికిస్తానండీ.”

కాసేపటికి తనే చెప్పింది.

“పోయిన వేసవిలో వడగాలి రాకుండా తలుపు వేసేశానండీ. మా పాప నిద్రపోతోందనుకున్నాను. చీకట్లో మొహం కనబడలేదు. తలుపు తీసేసరికి పోయిందండీ.”



ఆమె స్టాపు వచ్చాక థర్మాకోల్ ముక్కలు నేను అందుకున్నాను. తువ్వాలులో చుట్టిన గాజు పలకను మాత్రం ఆమె నా చేతికివ్వలేదు.

“వ్యాన్ రేకు కోయించి కిటికీలా ఇది బిగించాలండీ. ఈ బిడ్డ మొహం కనబడాలి,” అంటూ జాగ్రత్తగా దిగింది.

ఇప్పటికీ మధ్యాహ్నం పిల్లలు నిద్రపోతుంటే, ఎంత ఎండైనా, నేను కిటికీ పూర్తిగా మూయను.