హెలికాప్టర్ రెక్కలు కట్టిన చేతులు

మా మేనమామ పోయిన మంగళవారం పొద్దున కన్నుమూశారు. భవానీపురంలో మా గోడౌన్ ముందు షామియానాలు ఆరబెట్టిస్తుంటే అత్తయ్య ఫోన్ చేసింది. "అమ్మాయ్, మీ మావయ్య కాఫీ తాగుతూ కుర్చీలోనే వాలిపోయారే, పిలిస్తే పలకట్లేదు" అంది. మాకూ వాళ్ళకీ మధ్య రెండే వీధులు. పరుగెత్తాను. వెళ్ళేసరికే అంతా అయిపోయింది.

ఆయన్ని ఎరగని మీకు కాస్త చెప్పాలి. మావయ్య వాయుసేనలో హెలికాప్టర్ల దగ్గర మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. పెళ్ళిళ్ళలో ఎవరైనా "మీరు పైలటా అండీ?" అంటే, "కాదండీ, దిగినదాన్ని మళ్ళీ ఎగిరేదాకా కాచుకునేవాణ్ణి" అనేవారు.

గాలంటే ఆయనకు భయం. కరెంటు తీగకు చిక్కుకున్న ప్లాస్టిక్ సంచి కాస్త గట్టిగా కొట్టుకుంటే చాలు, డాబా ఎక్కి ట్యాంకు మూత కట్టేవారు. పూలకుండీలు గోడవారకు జరిపేవారు. పక్కింటి రేకుల మీద కూడా ఇటుకలు పెట్టొచ్చేవారు. కట్టి ఊరుకుంటారా, వాన వెలిశాక మళ్ళీ వచ్చి ప్రతి ముడినీ వేలితో నొక్కి చూసేవారు. "కట్టడం సగం పనేనే. తడిశాక వచ్చి చూడటం మిగతా సగం" అనేవారు. ఇదేం చాదస్తమని మేమంతా నవ్వుకునేవాళ్ళం.

నాది షామియానాలు అద్దెకిచ్చే వ్యాపారం. పైగా నోరెక్కువ. కొన్నేళ్ళ కిందట గుణదలలో ఒక పెళ్ళికి పందిరి వేయించాను. మధ్యాహ్నం జల్లు పడింది. కాసేపటికి చూద్దును కదా, ఈయన సిటీ బస్సెక్కి వచ్చేసి, మా పనివాళ్ళు బిగించిన నూలు తాళ్ళన్నీ వదులు చేస్తున్నారు! నాకు ఒళ్ళు మండిపోయింది. పెళ్ళివారి ముందే అరిచేశాను.

"నీకో దణ్ణం మావయ్యా! పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ఇదే పని చేస్తున్నా. నీ మిలిటరీ పెత్తనం ఇంట్లో చూపించుకో!"

ఆయన అద్దె కుర్చీ ఒకటి లాక్కుని కూర్చున్నారు. తడి చేతులు రుమాలుతో తుడుచుకుంటూ, "నా చేతుల్తో ఒక హెలికాప్టర్ని పాడుచేశానే" అన్నారు. అంతకు ముందు ఎప్పుడూ ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

"ఉద్యోగంలో చేరిన కొత్త. వరద సాయానికని ఎక్కడో ఉత్తరాదికి వెళ్ళాం. అక్కడ షెడ్డు లేదు, మైదానంలోనే నిలిపాం. ఆగి ఉన్నప్పుడు దాని రెక్కలు వేలాడుతుంటాయి. గాలికి ఎగిరెగిరి పడకుండా చివర్లు తాళ్ళతో కిందికి కట్టాలి. కాస్త వదులుంచమని మా ఆఫీసరు చెప్పాడు. నేను వింటేగా? పెడనలో మగ్గాల ఇంట్లో పుట్టినోణ్ణి. పడుగు సాగదీసేటప్పుడు ఒక్క పోగు వదులైనా మా నాన్న చేతి మీద కొట్టేవాడు. వదులుగా కడితే నాకు సిగ్గు. అందరికంటే బాగా కడతానని పొగరు కూడాను. లాగి బిగించేశా. నూలు తాళ్ళు. వానకి తడిసి ఇంకా బిగుసుకుని రెక్కల్ని వంచేశాయి. ఆపైన తెల్లారగట్ల గాలి అందుకుంది. రెండు రెక్కలు చిట్లిపోయాయి. వాన పడ్డాక ఒక్కసారి వెళ్ళి చూసుంటే..."

"శిక్ష వేశారా మావయ్యా?"

"వేశారు. తప్పు నాదని నేనే చెప్పా. అదేముందిలే. ఆ పొద్దున ఆ హెలికాప్టర్ ఒక ఊరికి వెళ్ళాల్సి ఉందే. ఇళ్ళ కప్పుల మీద జనం కాచుకునున్నారు. ఇంకోటి దొరికేసరికి మర్నాడయింది. ఆ ఒక్కరోజులో అక్కడేం జరిగిందో నేను ఎవర్నీ అడగలా. ధైర్యం చాల్లేదు."

అరిచినందుకు తప్పయిపోయిందని నేను అనాల్సింది. "కాఫీ తాగుదువుగాని రా" అన్నాను.

మొన్నామధ్య వరద మా విజయవాడకే వచ్చింది కదా. అత్తయ్యా మావయ్యా నేనూ వాళ్ళ డాబా మీద చిక్కుకుపోయాం. తాగడానికి నీళ్ళయినా లేవు. హెలికాప్టర్ చప్పుడు వినబడగానే చుట్టుపక్కల డాబాల మీద జనమంతా లేచి చేతులు చాచారు. మావయ్య మాత్రం తిరుగుతున్న రెక్కల వంకే చూస్తూ పసిపిల్లాడిలా ఏడ్చేశారు. "ఎవరో సరిగ్గా కట్టారే దీన్ని" అన్నారు. పైనుంచి జారవిడిచిన అన్నం పొట్లం ఆయన కాళ్ళ దగ్గరే పడింది. వంగి తీసుకోవాలన్న ధ్యాస కూడా లేదు.

ఆయన పోయిన రోజు ఇంటి ముందు షామియానా నేనే వేయించాను. బంధువులు వస్తుండగా వాన పడి వెలిసింది. ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఏడుస్తున్నదాన్నల్లా లేచాను. "ఇప్పుడెందుకమ్మా, నేను చూస్తాలెండి" అని మా మేస్త్రీ అంటున్నా వినలేదు. చెప్పుల్లేకుండా బురదలో తిరిగి ఒక్కొక్క ముడినీ వేలితో నొక్కి చూశాను. అన్నీ బిర్రబిగుసుకుని ఉన్నాయి. ఒక్కొక్కటే కాస్త కాస్త వదులు చేస్తూ వచ్చాను. ఆఖరిది ఆయన తలవైపు గుంజకు కట్టిన తాడు. దాన్నీ వదులు చేసి, ఇప్పుడు సరిపోయిందా మావయ్యా అన్నట్టు ఆయన ముఖంలోకి చూశాను. పైన తడిసిన గుడ్డ గాలికి మెల్లగా లేచి, మళ్ళీ మెల్లగా దిగింది.