ముక్కు లారీ చోటు

వనపర్తిలో నర్సింహులు షెడ్డుకు ఎవరినీ దారి అడగనక్కర్లేదు. సుత్తి చప్పుడు వినిపించే వైపు నడిస్తే చాలు. గుద్దుకుని నలిగిపోయిన బండి రేకును మళ్లీ మొదటి రూపానికి తేవడం అతని పని. ఆ పని ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పదహారేళ్ల వయసులో ఒక పాత ముక్కు లారీ మడ్‌గార్డును ముందేసుకుని, చెడగొట్టి, బాగుచేసి, మళ్లీ చెడగొట్టి నేర్చుకున్నాడు.

ఇంట్లో గోడకు పొడవాటి చెక్క పలక బిగించాడు. దాని మీద ముప్పై ఏడు బొమ్మ బండ్లు ఉండేవి. కొన్ని మల్దకల్ జాతరలో కొన్నవి, ఎక్కువ భాగం పాత సామాన్ల కొట్లో చక్రాలూడి పడి ఉంటే తెచ్చి బాగుచేసుకున్నవి. తన సుత్తి తగిలిన రకం బండి అయితేనే దాని బొమ్మ పలకెక్కాలన్నది అతని నియమం. ఒకసారి బావమరిది విమానం బొమ్మ తెచ్చిస్తే, "దీనికి నేనెన్నడన్న సొట్ట తీసిన్నా?" అని తిప్పి పంపాడు.

పలక మొదట్లో జానెడు చోటు మాత్రం ఖాళీగా ఉండేది. అది ముక్కు లారీ చోటు. ఇంజను ముందుకు పొడుచుకొచ్చిన ఆ లారీలు రోడ్ల మీదా లేవు, బొమ్మల దుకాణాల్లోనూ లేవు. తను మొట్టమొదట చెయ్యి వేసిన బండి ఒక్కటే ఆ వరసలో లేదు.

రెండువేల నాలుగులో అది దొరికే దారి కనిపించింది. నాగర్‌కర్నూల్ కాలేజీలో పాఠాలు చెప్పే నరేందర్ సార్‌కూ ఇదే పిచ్చి. ఆయన దగ్గర నీలం రంగు రేకు ముక్కు లారీ ఉంది. నర్సింహులు దగ్గర ఒక మీగడ రంగు కారు ఉంది. గద్వాలలో మూతపడిన పుస్తకాల దుకాణంలో డబ్బాతో సహా దొరికింది, ఒక్క గీత పడలేదు. సార్‌కు కావలసింది సరిగ్గా అదే, కంపెనీలో వేశాక ఇంకెవరి చెయ్యీ పడని రంగు. దసరా వెళ్లాక రెండో ఆదివారం లారీ ఇచ్చి కారు పట్టుకుపోతానన్నాడు.

దసరా నాడు నర్సింహులు షెడ్డులో బండ్లు కడిగి, సుత్తులకూ పానాలకూ పసుపు కుంకుమలు పెట్టి, సాయంత్రం ఇంటికొచ్చాడు. పలక ముందు కోసిన నిమ్మకాయలు, ఊదుబత్తి వాసన. ముప్పై ఏడు బండ్ల మీద ముప్పై ఏడు బొట్లు. నూనెతో కలిపిన పసుపు, దాని నడుమ కుంకుమ. మీగడ రంగు కారు డబ్బాలోంచి బయటికొచ్చి అన్నింటికంటే పెద్ద బొట్టుతో నిలబడి ఉంది.

"ఏందే ఇది?"

"ఏందంటవేంది?" అంది భార్య సరోజ. "పెద్ద బండ్లకు నువ్వు పెట్టొస్తివి. ఇవేం పాపం జేసినయి?"

"డబ్బలున్నదాన్ని ఎందుకు తీసినవ్?"

"డబ్బలుంటే దేవునికి ఎట్ల కనవడతదయ్యా?"

అతను కారును చేతిలోకి తీసుకున్నాడు. గుడ్డతో ఒత్తి చూశాడు. నూనె గుడ్డకు అంటింది కానీ మరక పోలేదు. పసుపు ఎండకు నిలవదని అతనికి తెలుసు. మిగతా రంగు వెలవకుండా, మరకంత కంత చేసిన కాగితాన్ని కారుకు చుట్టి మూడు రోజులు ఎండలో పెట్టాడు. పసుపు పోయింది. కుంకుమ మాత్రం జొన్నగింజంత గులాబీ రంగు నీడగా మిగిలింది. రుద్దితే అసలు రంగే పలచబడుతుంది.

శనివారం పొద్దున రంగు కలిపాడు. తెలుపులో పసుపుపచ్చ చుక్క, నలుపు సూదిమొనంత. రేకుముక్క మీద పూసి, ఆరాక కారు పక్కన పెట్టి చూశాడు. రెండూ ఒకటే.

"కలిసింది గద! పెట్టు మల్ల. నా పానం జర కుదుటపడతది," అంది సరోజ.

అతను కుంచె తుడిచి డబ్బా మూత బిగించాడు.

"గాయన అడిగింది చెయ్యి పడని రంగు. ఇది నా చెయ్యి."

"పెట్టకపోతే లారీ రాదు గద?"

"రాదు."

ఆదివారం సార్ వచ్చాడు. ఆయన భూతద్దం బయటికి తీయకముందే నర్సింహులు వేలితో మరక చూపించాడు. సార్ కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు చూశాడు.

"ఎవరు చేసిన్రు?"

"నేనే సార్, పండుగ బొట్టు," అంది సరోజ, చాయ్ గ్లాసులు కింద పెట్టి.

"మా ఇంట్ల నా బండ్లకు దుమ్ము గూడ ఎవరు తుడవరమ్మా," అని సార్ నవ్వాడు. కానీ కారు తీసుకోలేదు. తెచ్చిన లారీని మళ్లీ డబ్బాలో దూది మధ్య పెట్టబోయాడు.

"సార్, ఒక్కసారి చేతికిస్తరా?"

నర్సింహులు లారీని అరచేతిలో తిప్పి చూశాడు. ఎక్కడా అతుకు లేదు. ఒక రేకు నాలుకను ఇంకో రేకు కంతలో దూర్చి మడిచారంతే. చీపురు పుల్లలు తెచ్చి ఒక్కో కొలతకు ఒక్కో పుల్ల విరిచి పెట్టుకున్నాడు. సార్ అడ్డు చెప్పలేదు. చాయ్ చల్లారిపోయింది.

"మడ్‌గార్డు తప్పుంది సార్," అన్నాడు చివరికి, లారీ తిరిగిస్తూ. "అసలు బండిది ఇంకింత కిందికి దిగి ఉంటది."

ఆ తర్వాతి ఏడాది షెడ్డు పని అయ్యాక దొరికిన పొద్దంతా దానికే పోయింది. పల్లీనూనె డబ్బా రేకు, ఇరుసులకు సైకిలు పుల్లలు, చక్రాలకు తెగిన రబ్బరు చెప్పులు. మడ్‌గార్డు కోసం వేపమొద్దులో గుంట తొలిచి, అందులో రేకు పెట్టి కొట్టాడు. మూడు చీలిపోయాయి. నాలుగోది తను పదహారేళ్లప్పుడు తడిమిన వంపులాగే వచ్చింది. నీలం రంగు వేసి, పలక మొదట్లో ఉన్న ఖాళీలో నిలబెట్టాడు.

మళ్లీ దసరా వచ్చింది. సరోజ పళ్లెం పట్టుకుని దూరంగానే నిలబడింది. నర్సింహులు ఒక్కో బండిని తిప్పి పట్టుకుంటే, ఆమె అడుగున చిన్న చుక్క పెట్టింది. మీగడ రంగు కారు వంతు వచ్చినప్పుడు, "దానికి పోయినేడే పెట్టిన గద," అని తనే వదిలేసింది. చివరికి లారీని తన చేతిలోకి తీసుకుని తిప్పబోయింది.

"దాన్ని తిప్పకు. ముక్కు మీద పెట్టు."

"రంగు పాడైతది గద?"

"నా రంగే. పాడైతే మల్ల ఏస్త."

ఆమె ఉంగరం వేలితో ముక్కు మీద నిండుగా పెట్టింది. తర్వాత పళ్లెంలోంచి నిమ్మకాయ తీసి చక్రం పక్కన ఆనించి చూసింది. కాయ చక్రానికి రెండింతలుంది.

"దీన్ని తొక్కించాల్నంటే లారీయే బోర్ల పడేటట్టుందయ్యా."

నర్సింహులు లోపలికి వెళ్లి ఒక మిరియపు గింజ తెచ్చి చక్రం కింద పెట్టాడు.