యాదగిరి చెవులూ సంచుల షెడ్డూ

2023 వానాకాలం. పటాన్‌చెరు బస్టాండుకు నడిచి వెళ్ళేంత దూరంలో, ఒక మందుల షాపు పై అంతస్తులో మా వినికిడి క్లినిక్కు. నేను ఆడియాలజిస్టును. అంటే చెవి డాక్టరును కాదు, చెవి ఎంత వింటోందో కొలిచి, అవసరమైతే మిషను అమర్చే మనిషిని. ఈ తేడా చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి, ఇప్పుడు ఎవరైనా డాక్టరమ్మా అంటే ఊరుకుంటున్నాను.

మా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగానికి సగం ఫ్యాక్టరీల మనుషులే. వాళ్ళంతట వాళ్ళు చచ్చినా రారు. ఇంట్లో టీవీ మోత భరించలేక భార్యలు లాక్కొస్తారు. యాదగిరిని కూడా అలాగే ఆయన భార్య సువర్ణ పట్టుకొచ్చింది. ఆయనది ఇక్కడి పల్లెల్లోని వ్యవసాయ కుటుంబం. వయసులో ఉండగానే గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో చేరి, అక్కడే మిల్లింగ్ సెక్షన్‌లో ఆపరేటరుగా స్థిరపడ్డాడు. గడ్డకట్టిన మందును పొడి చేసే మిల్లు అది. నడిచినంతసేపూ కీచుమంటూనే ఉంటుంది.

"సూడు మేడం, నాలుగుసార్లు పిలిస్తె గాని పలుకడు. పలికినా ఒకటడిగితె ఒకటి జెప్తడు," అంది సువర్ణ. "పాటలే ఈయన చెవులు తిన్నయ్. ఎనుకట ఆదివారమొస్తె సాలు, గా పెద్ద డబ్బాల ముంగట పోయి పడుడే."

ఆమె డబ్బాలన్నది స్పీకర్లను. యాదగిరిని చప్పుడు చొరబడని గదిలో కూర్చోబెట్టి, వినికిడి కొలిచే ఆడియోమెట్రీ పరీక్ష చేశాను. చెవుల్లో సన్నగా బీప్ వినిపించినప్పుడల్లా బటన్ నొక్కాలి, అంతే. బరువైన శబ్దాలు బాగానే విన్నాడు. సన్నటి శబ్దాల దగ్గరికి వచ్చేసరికి గ్రాఫులో రెండు చెవుల గీతలూ గుంటలో పడ్డాయి. చప్పుడులో పనిచేసేవాళ్ళందరి గ్రాఫూ దాదాపు ఇలాగే ఉంటుంది.

బయటికి వచ్చి ఆయన అడిగిన మొదటి మాట, "మేడం, ఒక్కటి జెప్పుండ్రి. నా చెవులు పాటలు తిన్నయా, మిల్లు తిన్నదా?"

"గీత చూసి ఏ చప్పుడు తిన్నదో చెప్పలేను. కానీ మిల్లు దగ్గర రోజూ ఒక షిఫ్టు. పాట దగ్గర వారానికి ఒక పూట. మీరే ఆలోచించుకోండి. మిల్లు దగ్గర చెవుల్లో ఏం పెట్టుకునేవారు?"

"దూది."

"ఫ్యాక్టరీవాళ్ళు చెవి ప్లగ్గులు ఇవ్వలేదా?"

"ఇచ్చిన్రు. అవి పెట్టుకుంటె మిల్లు గొంతు మారింది ఎర్కగాదు. లోపట గట్టి గడ్డ పడితె చప్పుడుతోనే పట్టుకోవాలె. లేకుంటె పొడి జల్లించే జాలీ పలుగుతది."

దూదితో మనసుకు ధైర్యమే గాని చెవికి రక్షణ లేదని చెప్పాను. సువర్ణ వెనక్కి తగ్గలేదు. "ఏది తింటేంది మేడం, పోయినయ్ గద," అంది.

రెండు చెవులకూ మిషన్లు పెట్టి, లాప్‌టాప్‌తో ఆయన గ్రాఫుకు తగ్గట్టు ప్రోగ్రామింగ్ చేశాను. సువర్ణను ఆయన వెనక నిలబెట్టి, మెల్లగా ఏదైనా అడగమన్నాను. "చాయ్ తాగుతవా?" అంది. "నువ్వు వెడ్తె తాగనా," అన్నాడు వెనక్కి తిరగకుండానే. ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నేను లోలోపల నా భుజం నేనే తట్టుకున్నాను.

వారం తిరగకుండానే ఒక్కడే వచ్చాడు. రెండు మిషన్లూ తీసి బల్ల మీద పెట్టాడు.

"మాటలు మంచిగ ఇనిపిస్తున్నయ్ మేడం. పాట సచ్చిపోయింది."

బయట ఇంకా ఆరుగురు కూర్చుని ఉన్నారు. నాకు చిరాకేసింది. "మిషను చేసిందే మాటల కోసం యాదగిరి గారూ. ఇంట్లోవాళ్ళు చెప్పేది వినిపిస్తోంది, సంతోషించండి," అన్నాను.

ఆయనకు కోపం రాలేదు. "ఇంట్ల మాటలు రోజు ఉంటయ్. ఈ పాట ఇంకొక్కపారే ఉన్నది," అన్నాడు. ఆ గొంతు విని కుర్చీ చూపించాను.

అప్పుడు చెప్పాడు. కొత్తగా ఫ్యాక్టరీలో చేరినప్పుడు కిరాయి గదిలో ఆయనతో పాటు శుభో అనే బెంగాలీ కుర్రాడు ఉండేవాడు. ల్యాబులో మందులు పరీక్షించే కెమిస్టు. శుభో దగ్గర ఒక పాత కీబోర్డు, ఒక సంచినిండా క్యాసెట్లు ఉండేవి. అవన్నీ ప్రోగ్రెసివ్ రాక్. అభిమానులు ముద్దుగా ప్రోగ్ అంటారట. ఒక్కో పాట ఇరవై నిమిషాలు సాగుతుంది, దారిలో నాలుగైదుసార్లు నడక మారుతుంది, చాలాసేపు పాడేవాడే ఉండడు. గంతులు వేయరు, నిలబడి కళ్ళు మూసుకుని వింటారు. రాక్ అంటే జుట్టు విరబోసుకుని అరవడమే అనుకునేదాన్ని నేను. ఆ గదిలో శుభో సొంతంగా ఒక పాట కట్టాడు. దానికి మొదటి శ్రోత మన యాదగిరి. తర్వాత శుభో ఒక బ్యాండుతో కలిసి దాన్ని వాయించేవాడు.

"నడిమిట్ల డ్రమ్ములు, గిటార్లు అన్ని ఆగిపోతయ్ మేడం. శుభో ఒక్కటే స్వరం పడ్తడు. వేలు తియ్యడు. ఇగ తీస్తడు, ఇగ తీస్తడు అనుకుంటం, తియ్యడు. తర్వాత అందరు ఒక్కపారే పడ్తరు. గదే ఇనాలె నాకు."

"ఎక్కడ?"

ఆ ప్రశ్న అడగడమే ఆలస్యం, ఆ మనిషి ముఖం వెలిగిపోయింది. ఎక్కడ వినాలో, ఎక్కడ వినకూడదో మొదలుపెట్టాడు. సిటీలో పైఅంతస్తు బార్లు దండగ, గ్లాసుల చప్పుడు, ముచ్చట్లు. కాలేజీ మైదానాల్లో సగం పాట గాలికే పోతుంది. తెల్లాపూర్ అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌసులో అన్నీ అద్దాల గోడలు, "డ్రమ్ము కొడితె అద్దం తిప్పి మన మొకం మీదనే కొడ్తది." వినాలంటే ఒక్కటే జాగా, పటాన్‌చెరు లోపలి రోడ్డులో మూతబడ్డ పైపుల ఫ్యాక్టరీ షెడ్డు. రేకుల కప్పు కింద చప్పుడు గింగురుమనకుండా అభిమానులే రైసు మిల్లుల నుంచి పాత గోనె సంచులు తెచ్చి గోడల నిండా కట్టారు. అందుకే అది సంచుల షెడ్డు. ఎక్కడెక్కడి బ్యాండ్లో అడిగి మరీ వచ్చి వాయించేవట.

"ఇప్పుడా జాగ అమ్ముడుపోయింది. ఈ నెలాఖరు ఆదివారం ఆఖరి ప్రోగ్రాం. శుభో పూనా నుంచి వస్తుండు, గా పాట కొడ్తడంట. నేను పోక నాలుగేండ్లాయె మేడం. పోతె అంత గీపెట్టినట్టె ఇనిపిస్తుండె, సిగ్గువడి బంద్ జేసిన. ఈసారి ఇనకుంటె ఇగ ఎన్నడింట?"

ఆయన ఫోనులో ఆ పాట పాత రికార్డింగు ఉంది. మిషనును స్టెతస్కోపు లాంటి గొట్టానికి తగిలించి నేను స్వయంగా విన్నాను. ఆ స్వరం వచ్చింది. రాగానే చలిజ్వరం పట్టినట్టు వణకడం మొదలుపెట్టింది. కాసేపటికి సన్నగా విరిగి, రెండు గొంతులై, మాయమైంది. ఏళ్ళ తరబడి మిషన్లు పెడుతున్నాను, ఒక్కసారీ దాంట్లోంచి పాట విని చూడలేదు. అడిగినవాళ్ళు ఎవరు?

కారణం తెలియడానికి ఎక్కువసేపు పట్టలేదు. పెళ్ళి పందిట్లో మైకు స్పీకరు దగ్గరికి వస్తే కుయ్యిమంటుంది కదా, దాన్ని ఫీడ్‌బ్యాక్ అంటాం. చెవి మిషనులో మైకు, స్పీకరు బెత్తెడు దూరంలో ఉంటాయి కాబట్టి ఆ కూత ఎప్పుడూ పొంచే ఉంటుంది. దాన్ని పట్టి అణచడానికి లోపల ఒక ఏర్పాటు పెడతారు. మాటల్లో ఏ శబ్దమూ నిలిచి ఉండదు, మారుతూ పోతుంది. అందువల్ల ఒకే స్వరం కదలకుండా నిలబడితే అది కూతేనని ఆ ఏర్పాటు తీర్మానించుకుంటుంది. శుభో వేలు తీయకుండా పట్టిన స్వరాన్ని దొంగ అనుకుని తరిమేస్తోంది.

దాన్ని ఆపి, బటన్ నొక్కితే మారేలా మిషనులో పాటకు వేరే ప్రోగ్రాం, అంటే వేరే అమరిక, పెట్టవచ్చు. కానీ ఆ షెడ్డు చప్పుడును నా గదిలో పుట్టించలేను. "ఆదివారం మధ్యాహ్నం నేనే వస్తాను, లాప్‌టాప్ తెచ్చుకుంటాను," అన్నాను. అలా అన్నందుకు నాకే ఆశ్చర్యమేసింది.

ఆదివారం నేను స్కూటీ మీద వెళ్ళేసరికి యాదగిరి, సువర్ణ ఆటో దిగుతున్నారు. "నేను గూడ వచ్చిన మేడం. ఇన్నేండ్ల సంది ఏం మునిగిపోయిందని వస్తుండో సూస్త," అంది ఆమె. లోపల వేదిక మీద నెరిసిన గడ్డంతో శుభో వైర్లు కలుపుకుంటున్నాడు. యాదగిరిని చూసి కిందికి దూకినంత పని చేశాడు.

"ఏం రా యాదీ, బూఢా, ముసలోడివి అయిపోయినవ్ కదరా."

"నువ్వు పోరనివి గదా మరి," అన్నాడు యాదగిరి. ఇద్దరూ పట్టుకుని విడిచిపెట్టలేదు.

ప్రోగ్రాంకు ముందు బ్యాండు అన్నీ వాయించి సరిచూసుకోవడాన్ని సౌండ్ చెక్ అంటారు. యాదగిరి తిన్నగా వెళ్ళి షెడ్డు మధ్యలో ఒక స్తంభం పక్కన నిలబడ్డాడు. అన్నీ సమానంగా వినిపించేది అక్కడేనట. నేను ప్లాస్టిక్ కుర్చీలో లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, ఫీడ్‌బ్యాక్‌ను అణచే ఏర్పాటు తీసేశాను. వెంటనే ఆయన చెవిలోంచి కుయ్యిమంటూ కూత. సౌండు చూసే అతను కంగారుగా వేదిక మీదికి పరిగెత్తి ఒక్కో మైకూ మూయడం మొదలుపెట్టాడు. "మైకు గాదన్నా, నా చెవి," అని యాదగిరి అరిస్తే షెడ్డంతా నవ్వింది.

అంత పెద్ద చప్పుడులో మిషను పెద్దగా పెంచాల్సిన పని లేదు. బాగా తగ్గించాను, కూత ఆగింది. డ్రమ్ములను గోల అనుకుని అణచే ఏర్పాటునూ తీసేశాను. "స్వరం పట్టండి శుభో గారూ," అన్నాను. పట్టాడు. నేను యాదగిరి ముఖం చూస్తున్నాను. ఆయన చెయ్యి మెల్లగా పైకి లేచి అక్కడే ఉండిపోయింది.

"నిలవడ్డది మేడం. వణుకుతలేదు."

తర్వాత డ్రమ్మర్ వాయించాడు. యాదగిరి నుదురు ముడిపడింది. "పళ్ళాలు ఇనిపిస్తలేవు," అన్నాడు. డ్రమ్ముల పైన ఉండే ఇత్తడి సింబల్స్‌ను ఆయన పళ్ళాలంటాడు.

ఇది ఎవరికైనా చెప్పడం నాకు ఎప్పుడూ కష్టమే. "ఆ సన్నటి శబ్దం వినే కణాలు పోయాయి యాదగిరి గారూ. మిషను ఎంత పెంచినా అవి రావు."

వేదిక మీది పళ్ళాల వైపు చూశాడు. "కొట్టేది కనవడుతనే ఉన్నది గద మేడం. సూసుకుంట ఇంట," అన్నాడు. లాప్‌టాప్ వైపు తల దించుకున్నాను.

పొద్దు వాలుతుండగా జనం వచ్చారు. ఐటీ కుర్రాళ్ళు, షిఫ్టు దిగి యూనిఫారంతోనే వచ్చినవాళ్ళు, ఒకరిద్దరు ముసలివాళ్ళు. ఎవరూ పెద్దగా మాట్లాడుకోవడం లేదు, సంచులను తాకి చూస్తున్నారు. శుభో పాట ఆఖరిది. ఎక్కడికో వెళ్ళి, దారి మార్చుకుని, పరిగెత్తి, ఒక్కసారిగా ఆగింది. ఆ స్వరం మొదలైంది. అంతవరకూ కళ్ళు తెరుచుకుని పళ్ళాలనే చూస్తున్న యాదగిరి అప్పుడు కళ్ళు మూసుకున్నాడు. చెంపల మీద నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. శుభో కూడా వేలు తీయలేదు. రికార్డింగులో కన్నా చాలా ఎక్కువసేపు పట్టాడు, తీస్తే షెడ్డు కూలిపోతుందన్నట్టు.

సువర్ణ నా చెవి దగ్గర అంది, "ఇన్నేండ్లు గా డబ్బాల కాడ తాగనీకె పోతుండనుకున్న మేడం. గిట్ల నిలవడనీకె వచ్చెటోడా."

అందరూ వెళ్ళాక యాదగిరిని అడిగాను, ఎలా ఉందని. "పాతలెక్క లేదు. పాతది నెత్తిల ఉన్నది. ఇయ్యాలది చెవిల వడ్డది. రెండు కలుపుకోని ఇన్న," అన్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకే షెడ్డు తీసేశారు. యాదగిరి మిషన్ల సర్వీసుకు వచ్చినప్పుడు వాటిని శుభ్రం చేసి లాప్‌టాప్‌కు కలిపితే, ఆ రోజు పెట్టిన ప్రోగ్రాం కనిపించింది. పేరు పెట్టే చోట తొందరలో "సంచుల షెడ్డు" అని కొట్టినట్టున్నాను.

"ఇది తీసేయనా? ఆ షెడ్డుకు తప్ప ఇంకెక్కడా పనికిరాదు," అన్నాను.

"వద్దు మేడం. ఉండనీయ్."

"దేనికి?"

"నా బస్సు అటే పోతది. షెడ్డు కాడికి రాంగనే మిషను బటన్ ఒత్తి గా ప్రోగ్రాం పెట్టుకుంట."

"ఏం వినిపిస్తుంది?"

"ఏముంటది, లారీలు, క్రేన్లు. పెద్ద బిల్డింగు లేస్తున్నది. అయినా జెరసేపు గట్లనే ఇంట."

మనిషి చెవికి ఏ శబ్దం అందడం లేదో కొలవడం నాకు చదువులో నేర్పారు. ఏ శబ్దం కోసం ఆ మనిషి బెంగపెట్టుకున్నాడో అడగాలని యాదగిరి నేర్పాడు. ఇప్పుడు గదిలో కూర్చోబెట్టే ముందు ప్రతివాళ్ళనూ అడుగుతున్నాను. అడిగినవన్నీ ఇవ్వలేను, ఆ మాటా ముందే చెబుతున్నాను. ఇవ్వలేనిది తెలిశాక కూడా వాళ్ళు దాని గురించి చెబుతూనే ఉంటారు, నేను వింటాను. అదీ నా పనేనని ఇదివరకు తెలియదు.

యాదగిరి ఇప్పటికీ సర్వీసుకు వస్తాడు. మిషన్లు నా చేతికిచ్చి, కుర్చీలో కూర్చోకముందే అడుగుతాడు, "షెడ్డు ఉన్నదా మేడం?"

లాప్‌టాప్ తెరిచి చూసి చెబుతాను, "ఉంది యాదగిరి గారూ."