ఖాళీ అని చెప్పలేక

సర్కారు కొలువుల కోచింగులుండే అశోక్‌నగర్‌ల ఎవరినన్న "ఏం చేస్తున్నవ్" అని అడుగు, "ప్రిపేర్ అయితున్న" అంటరు. నేను ఆరేండ్లు అదే అన్న. చదువు ఎప్పుడో సచ్చింది. పొద్దుగాల చిక్కడపల్లి లైబ్రరీకి పోవుడు, రుమాలేసి కుర్చీ పట్టుడు, పుస్తకం తెరిచి ఫ్యాను దిక్కు చూసుకుంట కూసునుడు. బాధ గూడ అయితలేకుండె. ఏమీ అయితలేకుండె.

ఒకరోజు హాస్టల్ల నా రూమ్మేట్, పాలమూరు దిక్కు అన్న, చెప్పిండు: "తమ్మీ, నారాయణగూడల సర్కారోల్లు ఏసీ రిపేరు ఉత్తగనే నేర్పిస్తున్నరంట. పని గూడ వాళ్లే చూపిస్తరంట. చదువు, పని రెండూ లేనోల్లకే. పోదాం పా."

ఊర్ల బోరు మోటరు విప్పి బిగించిన చేతులు నావి. ఆరేండ్ల తర్వాత నాకు ఒకటి కావాల్ననిపించింది.

లైన్ల నా ఎన్కనే లైబ్రరీల రోజూ కనవడే మొఖాలు రెండున్నయ్. టేబుల్ కాడి మేడం పేరు రాసుకొని, "ఇప్పుడేం చేస్తున్నవ్ బాబూ?" అన్నది.

"గ్రూప్స్‌కు ప్రిపేర్ అయితున్న మేడం."

"అట్లయితే చదువుకుంటున్నట్టే గద. ఇది ఖాళీగున్నోల్లకు." పెన్ను ఆపింది. పాపం, మంచి మనిషి. "ఆలోచించి చెప్పు. ఖాళీనే గద?"

ఎన్క ఆ రెండు మొఖాలు ఇంటున్నయ్. "కాదు మేడం."

నా ఫారం పక్కన పెట్టేసింది. తర్వాత అన్న వంతు. "ఖాళీ మేడం. మూడేండ్ల సంది ఏం చేస్తలేను," అన్నడు, టైమెంతయిందో చెప్పినంత సాదాగ. సీటొచ్చింది.

బయటికొచ్చినంక తిట్టిండు. "ఏం రోగంరా నీకు? ఒక్క మాట అంటే నోట్లకెల్లి ముత్యాలు రాలుతయా?" నాకు సిగ్గు గూడ రాలే. చాయ్ తాగుదామన్న.

అన్న పని నేర్చుకొని, కొలువుల చేరి హాస్టల్ ఇడిసిపోయిండు. మొన్న ఎండలల్ల హాస్టల్ కింద రీడింగ్ రూముల ఏసీ ఆగింది. సంచి పట్టుకొని వచ్చింది ఎవరో కాదు, అన్ననే. కంపెనీ చొక్కా, జర పొట్ట గూడ వచ్చింది. "తమ్మీ, నిచ్చెన పట్టుకుంటవా?" అన్నడు. పట్టుకున్న.

రీడింగ్ రూముల కొత్తగ చేరిన చెల్లె ఒకామె తలెత్తి అడిగింది: "అన్నా, మీరు గూడ మెకానిక్కేనా?"

"కాదు చెల్లే. ప్రిపేర్ అయితున్న."

నిచ్చెన మీదికెల్లి అన్న కిందికి చెయ్యి చాపిండు. సంచిల చెయ్యి పెట్టి స్క్రూడ్రైవర్ తీసిచ్చిన. ఏది కావాల్నో నేను అడగలే, ఆయన చెప్పలే. సరిగ్గ ఆయనకు కావాల్సింది అదే.