మా వంటింట్లో ట్వీ విశేషణాలు

మా ఆవిడ ట్వీ భాష నేర్చుకుంటోందన్న సంగతి ఆమె నాకు చెప్పలేదు, ఫ్రిజ్ మీద చూసి తెలుసుకున్నాను. ఆఫీసు నుంచి వచ్చి మజ్జిగ కోసం తలుపు తీయబోతే, ఒక పిజ్జా కొట్టు కరపత్రం వెనక్కి తిప్పి అంటించి ఉంది. దాని మీద గుండ్రటి తెలుగు అక్షరాల్లో కెసె, కెతెవా, తుంతుమ్, ఫితా, కొకో, ఫొఫొరొ, తెంతెన్ అని ఒకదాని కింద ఒకటి రాసుకుంది. అర్థాలు రాయలేదు. ఏమిటివని అడిగాను.

"ఏవో మాటలండీ. కింద పోర్షన్ ఆవిడ చెప్తుంటే రాసుకున్నాను," అని పోపు పెట్టుకోవడంలో పడిపోయింది.

అది రెండువేల ఎనిమిది. అమెరికాలో, టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో మెట్లెక్కి వెళ్లే అపార్ట్‌మెంటు మాది. కింద ఇంట్లో ట్వీ మాతృభాషగా ఉన్న ఘానా దేశపు ఆవిడ ఒంటరిగా ఉండేది. నలభై అయిదేళ్లుంటాయి. శని, ఆదివారాలు వృద్ధుల ఆశ్రమంలో నర్సుకి సాయంగా పనిచేసేది, అప్పుడప్పుడు ఒక ఆదివారం సెలవు దొరికేది. మిగతా రోజులు ఇంట్లోనే. మా ఆవిడ కూడా ఇంట్లోనే. పెళ్లికి ముందు బందరులో ఒక స్కూల్లో పిల్లలకి సోషల్ చెప్పేది. నాతో వచ్చాక డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేయడానికి వీల్లేదు. ఉన్న ఒక్క కారూ నాతో లాస్ కొలీనాస్‌లోని ఆఫీసుకి వెళ్లిపోయేది. ఆమె నడిచి వెళ్లగలిగిన చోట్లు రెండే, ఉత్తరాల డబ్బాలు, బట్టలుతికే గది.

ఆ బట్టలుతికే గదిలోనే ఇద్దరికీ స్నేహం కలిసిందట. డ్రయ్యరులోంచి తీసిన మా ఆవిడ వెంకటగిరి చీరని ఆవిడ రెండు చేతులా పట్టుకుని ఒక మాట అందట. అది బాగుంది అనే మాటే అని మొహం చూస్తేనే తెలిసిపోయిందట. ఆ ఒక్క మాటతో మొదలైంది. ఆపైన రోజూ మా వంటింట్లోనే పాఠం. ఉల్లిపాయ పట్టుకుని పెద్ద అంటే ఎలా, చిన్న అంటే ఎలా, మిరపకాయ పట్టుకుని ఎరుపుని ఏమంటారు, జీడిపప్పు పట్టుకుని తెలుపుని ఏమంటారు. బదులుగా ఆవిడ తెలుగు నేర్చుకునేది. వాళ్ల భాషలో వస్తువు ముందొచ్చి, దాని గుణం తరవాతొస్తుందట. అందుకని ఆవిడ "మిరపకాయ ఎర్ర, గిన్నె పెద్ద" అనేది. మా ఆవిడ పడిపడి నవ్వేది.

ఆ నవ్వు దగ్గరే నాకు ఒళ్లు మండటం మొదలైంది. పెళ్లయిన రెండేళ్లలో ఆ నవ్వు నేను వినలేదు. నా దగ్గర ఆమె నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయేది. ఇది కడుపులోంచి వచ్చే నవ్వు, గిన్నెల మీద మూతలు కదిలే నవ్వు. పరాయి మగవాడి మీద అసూయ పడ్డానంటే నలుగురికీ చెప్పుకోవచ్చు, ఎవరో ఒకరు జాలి కూడా పడతారు. వృద్ధాశ్రమంలో పక్కలు సర్దే పెద్దావిడ మీద కుళ్లుకుంటున్నానని ఎవరికి చెప్పుకోను?

శుక్రవారాలు నేను ఇంటి నుంచి పనిచేసేవాణ్ని. పడకగదిలో లాప్‌టాప్ పెట్టుకుని, స్పీకర్ ఫోన్‌లో మీటింగులకి హాజరయ్యేవాణ్ని. నా వంతు కానప్పుడు ఫోన్‌ని మ్యూట్‌లో పెట్టడం మా వృత్తిలో అందరూ చేసేదే. నేను మ్యూట్‌లో పెట్టేది మాత్రం వంటింటి వైపు చెవులు నిక్కబొడుచుకోవడానికి. మేనేజరు నా పేరు రెండుసార్లు పిలిచినా పలక్కుండా, మూడోసారికి ఉలిక్కిపడి "సారీ, ఐ వాజ్ ఆన్ మ్యూట్" అన్న రోజులు చాలా ఉన్నాయి.

అలాంటి ఒక శుక్రవారం ఆ సంఘటన జరిగింది. ఘానా ఆవిడ నా పేరేమిటని అడిగింది. మా ఆవిడ చెప్పలేదు. చెప్పదు కూడా. నన్ను "ఏవండీ" అంటుంది, ఇతరులతో "మా ఆయన" అంటుంది. బ్యాంకు వాళ్లు ఫోన్ చేసి మీ భర్త పేరు చెప్పమని అడిగితే, ఫోన్ పట్టుకుని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చిన మనిషి. ఇది మా ఇళ్లలో ఆడవాళ్ల పద్ధతి అని ఇంగ్లీషులో వివరించేసరికి ఆవిడకి భలే సరదా వేసింది.

"అయితే మన మాటల్లోంచే ఒకటి తీసి ఆయనకి పెడదాం," అంది.

వరసగా ఒక్కో మాటా మొదలుపెట్టారు. "తెంతెన్?" అని ఆవిడ అంది. మా ఆవిడ కిసుక్కుమని "నో, నో" అంది. "కెసె?" "నో." "కొకో?" దానికి ఇద్దరూ నవ్వారు. ఆ తరవాత ఆవిడ నేను ఫ్రిజ్ మీద చూడని మాటేదో అని, దాన్ని ఇంగ్లీషులో గొంతు తగ్గించి వివరించింది. మా ఆవిడ గరిట పక్కన పెట్టిన చప్పుడు వినిపించింది. తరవాత "ఎస్. దట్స్ హిమ్," అంది. ఆ మాట "దిన్".

ఆరోజు మీటింగులో ఏం జరిగిందో నాకిప్పటికీ తెలియదు.

అప్పటినుంచి నా ప్రాణం మీదికొచ్చింది. ప్రతి శుక్రవారం ఆ మాట కనీసం పదిసార్లు వినిపించేది. దిన్ ఇవాళ ఇంట్లో ఉన్నాడు, దిన్‌కి వంకాయ ఇష్టం ఉండదు, దిన్ వాళ్ల అమ్మ ఫోన్ చేసింది, ఇదీ ధోరణి. మధ్యలో నవ్వులు. నా ఇంట్లో, నా పడకగదికి పది అడుగుల దూరంలో నాకొక పేరు పెట్టి, దాని అర్థం నాకు తప్ప ఇద్దరికీ తెలిసి ఉండటం! నేరుగా అడగడానికి అహం అడ్డొచ్చింది. అడిగితే విన్నానని ఒప్పుకున్నట్టే. పైగా అడిగితే చెప్తుందన్న నమ్మకం లేదు.

మా ఆఫీసు లాబీలో బ్యాడ్జీలు చూసే పెద్దాయన ఉండేవాడు. బల్ల మీద ఎర్ర, పసుపు, ఆకుపచ్చ రంగుల చిన్న జెండా, మధ్యలో నల్ల నక్షత్రం. ఏడాదిపాటు దాన్ని చూస్తూ వెళ్లినవాణ్ని, ఆ వారం తెలిసింది అది ఘానా జెండా అని. ఫ్రిజ్ మీది మాటల్ని పసుపు చీటీ మీద ఎక్కించుకుని వెళ్లాను. ఊరికే భాష మీద ఆసక్తి అని అబద్ధం చెప్పాను. ఆయన మహా సంబరపడిపోయాడు. అమెరికా వచ్చి ఇరవై ఏళ్లయినా ఈ భవనంలో ఒక్కడూ తన భాష గురించి అడగలేదన్నాడు. కెసె పెద్ద, కెతెవా చిన్న, తుంతుమ్ నలుపు, ఫితా తెలుపు, కొకో ఎరుపు, ఫొఫొరొ కొత్త, తెంతెన్ పొడుగు. నేను పొడుగరిని కాదన్న సంగతి మా ఆవిడ అంత నవ్వుతూ చెప్పక్కర్లేదు అనిపించింది.

రోజుకి రెండు మాటల చొప్పున నేర్చుకున్నాను. కాఫీకి వెళ్తూ ఒకటి, భోజనానికి వెళ్తూ ఒకటి. మనం ఎర్రెర్రని, తెల్లతెల్లని అన్నట్టే వాళ్లూ మాటని రెట్టించి గట్టిదనం తెస్తారని ఆయన చెప్పినప్పుడు, మా ఆవిడకి ఈపాటికి ఇది తెలిసే ఉంటుందనుకుని కడుపు రగిలింది. టీచరు కదా, నాకంటే ముందుంటుంది. హైవే మీద ముందున్న వాహనాలన్నిటికీ గుణాలు తగిలిస్తూ డ్రైవ్ చేసేవాణ్ని. కారు నల్ల, లారీ పెద్ద, కారు కొత్త. భాష మీద ప్రేమతో కాదు, వాళ్లిద్దరి మధ్యకీ దూరిపోవాలన్న కక్షతో నేర్చుకున్నాను. అలా నేర్చుకున్నా భాష వచ్చేస్తుంది.

చివరికి ధైర్యం చేసి దిన్ సంగతి అడిగాను. పెద్దాయన మళ్లీ పలకమన్నాడు, ఇంకోసారి పలకమన్నాడు. అర్థమయ్యాక వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. చప్పుడు లేకుండా ఉండటం అట. "ఇంట్లో ఎవరూ లేకపోతే ఇల్లెలా ఉంటుంది? అలా అన్నమాట," అన్నాడు.

లిఫ్టులో పైకి వెళ్తుంటే నాకు కోపంతో చెవులు వేడెక్కాయి. రోజంతా మాట్లాడటమే నా ఉద్యోగం. క్లయింట్లతో, హైదరాబాదు టీముతో, టెస్టింగ్ వాళ్లతో గొంతు బొంగురుపోయేదాకా మాట్లాడతాను. ఇంటికొచ్చి టీవీ ముందు కాస్త నోరు మూసుకుని కూచుంటే అదే నా గుణమైపోయిందా? నల్లవాడనో, పొట్టివాడనో, పిసినారి అనో అన్నా సర్దుకునేవాణ్ని. ఎవరూ లేని ఇల్లంటుందా నన్ను? అంత మాట ఆ కింద ఇంటావిడతో అనడమేమిటి, అనేదేదో నాతోనే అనొచ్చు కదా? నాతో అననివ్వలేదని అప్పుడు నాకు తోచలేదు.

ఇద్దరి సంగతీ తేల్చాలని నిశ్చయించుకున్నాను. నేర్చుకోవడం మొదలుపెట్టి మూడు నెలలైంది. ఘానా ఆవిడకి సెలవు దొరికిన ఒక ఆదివారం నేనే ఆమెని భోజనానికి పిలవమన్నాను. మా ఆవిడ ఆశ్చర్యపోయింది, ఆపైన చాలా సంతోషించింది. పొద్దున్నే లేచి గోంగూర, కోడికూర, పులిహోర చేసింది. ఆవిడ అల్లం, కారం పట్టించి వేయించిన పండు అరటి ముక్కలు తెచ్చింది. నేను శుభ్రంగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూచున్నాను.

రెండు ముద్దలు తిని, గొంతు సవరించుకుని, "అదువానె నొ యె దె," అన్నాను. భోజనం రుచిగా ఉంది అని. ఆవిడ చెంచా కింద పెట్టేసింది. ఇక నేను ఆగలేదు. పళ్లేన్ని చూపించి పెద్ద అన్నాను, అన్నాన్ని చూపించి తెలుపన్నాను, మా ఆవిడ చీరని చూపించి కొత్తది, ఎర్రది, చాలా అందమైనది అన్నాను. వస్తువు ముందు, గుణం వెనక, ఎక్కడా తప్పు పోలేదు. ఆఖర్న ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "అండ్ ఐ యామ్ నాట్ దిన్!" అన్నాను.

ఘానా ఆవిడ చప్పట్లు కొట్టి, బల్ల మీద చరుస్తూ నవ్వింది. ఎవరు నేర్పారు, ఎంత బాగా పలుకుతున్నావు అని తెగ మెచ్చుకుంది. నేను ఛాతీ విరుచుకుని మా ఆవిడ వైపు తిరిగాను. ఆ నవ్వు నాకోసం కూడా ఒకసారి వస్తుందని ఎదురుచూశాను. మా ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. కంచంలో మెతుకులు వేలితో ఒక పక్కకి నెట్టుకుంటోంది. అది చూసి ఘానా ఆవిడ కూడా నవ్వు ఆపేసింది. భోజనం అయిందనిపించి, పనుందని చెప్పి, మా ఆవిడ భుజం మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్లిపోయింది.

తలుపు వేశాక మా ఆవిడ అక్కడే నిలబడింది.

"ఎప్పట్నుంచి?"

"ఏది?"

"ఎప్పట్నుంచి నేర్చుకుంటున్నారు?"

"మూడు నెలలు."

"అంటే శుక్రవారాలు మేం మాట్లాడుకున్నవన్నీ విన్నారు."

"నా ఇంట్లో నా గురించి మాట్లాడుకుంటుంటే విననా? ఎవరూ లేని ఇల్లంటావా నన్ను? నీకు నాతో చెప్పడానికి నోరు లేదా?" అన్నాను. దబాయింపు నాకు పుట్టుకతో వచ్చిన విద్య.

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూచుంది.

"చెప్తాను వినండి. మీరు వస్తే నేనొచ్చాను. నా వీసా మీ వీసాకి తోక. కారు మీది, బ్యాంక్ కార్డ్ మీది, ఫోన్ మీ పేరు మీద ఉంది. డాక్టర్ దగ్గరికెళ్తే ఫలానా ఆయన డిపెండెంట్ అని రాసుకుంటారు. నేను నోటితో పలకని పేరు నా కాగితాలన్నిటి మీదా ఉందండీ. నేను ఏడేళ్లు టీచర్‌గా చేశాను. ఇక్కడ ఒక్క మనిషి, ఆ కింద ఇంటావిడ ఒక్కతే, నన్ను ఏదైనా నేర్పమని అడిగింది. ఆవిడ దగ్గర నేను నేర్చుకున్నది మీకు తెలియదు కదా, అదొక్కటీ నాది అనుకున్నాను. మీకు జావా వచ్చు, ఒరాకిల్ వచ్చు, ఇంగ్లీష్ వచ్చు. అది కూడా మీరే నేర్చేసుకోవాలా?"

ఇంకా చాలా మాట్లాడింది. బందరు స్కూలు గురించి, పటం మీద ఘానా ఎక్కడుందో తను పిల్లలకి చూపించిన రోజు గురించి, మధ్యాహ్నాలు ఎంత పొడుగ్గా ఉంటాయో, మొదటి ఏడాది తన గొంతు తనకి వినపడటానికి టీవీ సీరియళ్లలో వాళ్ల మాటలు పైకి అని చూసుకునేదాన్నని. ఒక్క తడబాటు లేదు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు పెంచాలో తెలిసిన మనిషి మాట్లాడినట్టుంది. మధ్యలో ఒకచోట, నా మేనేజరుని అనుకరించి నవ్వు కూడా తెప్పించబోయింది. అవన్నీ ఆమె మొదటిసారి చెప్తున్న మాటలు కావని నాకు మెల్లగా తెలిసొచ్చింది.

అప్పుడు నాకు సిగ్గేసిందని రాస్తే చదివేవాళ్లకి నా మీద కాస్త గౌరవం కలుగుతుంది. సిగ్గు తరవాత ఎప్పుడో, కొన్ని నెలలకి వేసింది. ఆ మధ్యాహ్నం మాత్రం, ఇంత బాగా మాట్లాడే ఈ మనిషిని నాకంటే ముందు ఆ కింద ఇంటావిడ విన్నదని కుళ్లుకుంటూ కూచున్నాను.